ఇంగ్లీషు–అరబిక్ ఆఫీసు లెటర్: ఒకే కాగితం మీద రెండు భాషలూ సరిగ్గా రావాలంటే

గల్ఫ్ ఆఫీసుల్లో అడ్మిన్, హెచ్‌ఆర్, అకౌంట్స్ సీట్లలో కూర్చున్నవాళ్లకి ఈ పని ఎప్పుడో ఒకప్పుడు నెత్తిన పడుతుంది. మేనేజర్ ఇంగ్లీషులో నాలుగు ముక్కలు చెప్పి, "పక్కన అరబిక్ కూడా పెట్టి పంపించు" అంటారు. బ్యాంకుకి జీతం సర్టిఫికెట్ కావచ్చు, కస్టమర్‌కి బకాయి నోటీసు కావచ్చు, ప్రభుత్వ శాఖకి అర్జీ కావచ్చు. చాలామంది చేసేది ఒకటే. ఇంగ్లీషు లెటర్ పూర్తి చేసి, దాన్ని ట్రాన్స్‌లేటర్‌లో వేసి, వచ్చిన అరబిక్‌ని పక్కన అతికిస్తారు. కంటికి బాగానే ఉంటుంది. అరబిక్ చదివేవాళ్లకి మాత్రం మొదటి లైన్లోనే విషయం తెలిసిపోతుంది.

నేను చెప్పే పద్ధతి వేరు. ఒక వివరాల పట్టీ రాసుకుని, దాన్నుంచి రెండు లెటర్లు తయారు చేయండి. పేర్లు, అంకెలు, తేదీలు, మీరు అడుగుతున్న పని రెండింటిలోనూ పొల్లుపోకుండా ఒకటే ఉండాలి. పలకరింపు, మర్యాద, ముగింపు మాత్రం ఏ భాషవి ఆ భాషకే వదిలేయాలి.

1. ఏ భాషలో ఉన్నది చెల్లుతుందో ముందు తెలుసుకోండి

ఇంగ్లీషు అసలు, అరబిక్ నకలు అనుకుంటే పొరపాటు. సౌదీలో 2005 నాటి కార్మిక చట్టం తొమ్మిదో అధికరణం ప్రకారం ఉద్యోగ ఒప్పందాలు, రికార్డులు, యాజమాన్యం ఉద్యోగులకిచ్చే ఆదేశాలు అరబిక్‌లో ఉండాలి. పక్కన వేరే భాష వాడితే వాడుకోవచ్చు గానీ, రెండింటికీ తేడా వస్తే అరబిక్ మాటే నిలుస్తుంది. ఎమిరేట్స్‌లోనూ మామూలు కోర్టుల భాష అరబిక్కే. దుబాయ్ అంతర్జాతీయ ఆర్థిక కేంద్రం కోర్టుల్లాంటివి ఇంగ్లీషులో నడుస్తాయి, వాటి లెక్క వేరు. అంటే మీ ఎండీ ఇంగ్లీషు వైపు చదివి సంతకం పెడతారు, రేపు తగువొస్తే అవతలివాళ్లు అరబిక్ వైపు చదువుతారు. అందుకే సంతకానికి పంపే ముందు ఎక్కువసేపు చూడాల్సింది మీకు రాని వైపే.

ఒప్పందం రద్దు, కోర్టు నోటీసు, పవర్ ఆఫ్ అటార్నీ లాంటివైతే ఇక్కడే ఆగి, లైసెన్స్ ఉన్న లీగల్ ట్రాన్స్‌లేటర్‌కి ఇచ్చేయండి. ఈ గైడ్ రోజువారీ లెటర్ల కోసం.

2. వివరాల పట్టీ

ఒక తెల్ల కాగితమో ఎక్సెల్ షీటో తీసుకోండి. ఎవరు రాస్తున్నారు, ఎవరికి, ఏ తేదీన, ఏ నంబరుతో, దేని గురించి, ఎంత డబ్బు, ఎప్పటిలోగా, ఏం జతచేస్తున్నాం. ప్రతి దాని ఎదురుగా రెండు గడులు, ఒకటి ఇంగ్లీషుకి, ఒకటి అరబిక్‌కి.

పేర్ల గడి నింపేటప్పుడు సొంత తెలివి వాడకండి. అరబిక్ లిపిలో 'ప' లేదు, 'వ' కూడా ఇంగ్లీషు 'వి' లాగా పలకదు. మామూలుగా ప్రసాద్‌ని 'బ'తో మొదలుపెట్టి రాస్తారు, వెంకట్‌ని 'ఫ'తో. 'గ' ధ్వనికైతే ఒక్కో దేశంలో ఒక్కో అక్షరం వాడుతుంటారు. కాబట్టి ఇఖామా (సౌదీ నివాస అనుమతి కార్డు) మీదో, ఎమిరేట్స్ ఐడీ మీదో ఆ మనిషి పేరు అరబిక్‌లో ఎలా పడి ఉందో అలాగే దించండి. అది తప్పుగా ఉన్నా సరే, మీరు దిద్దితే బ్యాంకు కౌంటర్లో ఇద్దరు వేరువేరు మనుషులవుతారు. కంపెనీ పేరు కూడా అంతే, ట్రేడ్ లైసెన్సు మీదో కమర్షియల్ రిజిస్ట్రేషన్ మీదో ఉన్నట్టే రాయాలి. చివర ఎల్‌ఎల్‌సీ ఉంటే దానికి అరబిక్‌లో జాల్, మీమ్, మీమ్ అనే మూడక్షరాల పొట్టిపేరు ఉంది. దాన్ని వదిలేస్తే పేరు సగమే రాసినట్టు.

3. అరబిక్ లెటర్ అస్థిపంజరం

ఇంగ్లీషు వైపు సంగతి మీకు తెలుసు. రెఫరెన్స్, తేదీ, అడ్రస్, సబ్జెక్టు, విషయం, సంతకం. అరబిక్ వైపు నిలువుగా దాదాపు అదే వరస, కానీ మర్యాద ఎక్కడెక్కడ కూర్చుంటుందో వేరు.

చాలా కంపెనీలు అన్నిటికన్నా పైన బిస్మిల్లా వేస్తాయి, అది లెటర్‌హెడ్‌లోనే అచ్చయి ఉంటుంది. తర్వాత అర్రఖమ్ అంటే నంబరు, అత్తారీఖ్ అంటే తేదీ. ఆ కింద ఎవరికి రాస్తున్నామో వాళ్ల పేరు. కంపెనీకైతే 'అస్సాదా' (అయ్యలారా) అని మొదలుపెట్టి, గీత గీసి, కంపెనీ పేరు రాసి, అదే లైను చివర 'అల్‌ముహ్తరమీన్' (గౌరవనీయులు) అని పెడతారు. మగవారికి 'అస్సయ్యిద్... అల్‌ముహ్తరమ్', ఆడవారికి 'అస్సయ్యిదా... అల్‌ముహ్తరమా'. ముందు ఒక గౌరవం, వెనక ఒక గౌరవం, మధ్యలో పేరు. వెనకది ఎగ్గొడితే పేరు పెట్టి పిలిచేసినట్టుంటుంది.

పెద్ద పదవుల్లో ఉన్నవారికి 'అస్సయ్యిద్' చాలదు. పెద్ద అధికారులకి, రాయబారులకి 'సఆదత్', మంత్రులకి 'మఆలీ', రాజకుటుంబీకులకి 'సుమూ' అని మొదలవుతుంది. ఇంజనీరుని 'అల్‌ముహందిస్' అని, డాక్టర్‌ని 'అద్దుక్తూర్' అని రాయడం అక్కడ మామూలే. వాళ్ల విజిటింగ్ కార్డు అరబిక్ వైపు ఏముందో చూసి అదే వాడితే గొడవ ఉండదు.

పలకరింపు: 'అస్సలాము అలైకుమ్ వ రహ్మతుల్లాహి వ బరకాతుహు' లేదా 'తహియ్యతన్ తయ్యిబతన్ వ బఅద్' (శుభాభివందనాలు, ఆపైన...). మొదటిది ప్రభుత్వ శాఖలకీ పాత పరిచయస్తులకీ బాగుంటుంది, రెండోది ఎవరికైనా నప్పుతుంది. తర్వాత 'అల్‌మౌదూ' అని సబ్జెక్టు లైను. కొందరు దీన్ని పలకరింపుకి ముందే పెడతారు. రెండూ చెల్లుతాయి, కానీ మీ ఆఫీసులో ఏదో ఒకటే ఉంచండి.

ముగింపులో 'వ తఫద్దలూ బిఖబూలి ఫాయిఖిల్ ఇహ్తిరామి వత్తఖ్దీర్' అనే వాక్యం వస్తుంది. మా మిక్కిలి గౌరవాన్ని, మన్ననని స్వీకరించండి అని అర్థం. ఇంగ్లీషు వైపు 'యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ' అని రెండు మాటల్లో తేలిపోయే చోట ఇక్కడ ఓ పూర్తి వాక్యం. దీన్ని కుదించాలని చూడకండి. రెండు వైపులా లైన్ల లెక్క సమానం కావాలనే పట్టుదల అక్కర్లేదు.

4. విషయం రాయడం, యంత్రం దగ్గర జాగ్రత్త

ఏఐ చాట్‌తోనో ట్రాన్స్‌లేటర్‌తోనో డ్రాఫ్టు తీయించడం తప్పేం కాదు. నేను కాదన్నా మీరు చేస్తారు. అయితే పాస్‌పోర్టు నంబరు, జీతం, అకౌంటు నంబరు అందులో వేయకండి. వాటి స్థానంలో గుర్తులు పెట్టి, డ్రాఫ్టు వచ్చాక మీరే నింపుకోండి. అంకెలు మారిపోయే ప్రమాదం కూడా దీంతో తప్పుతుంది. అడిగేటప్పుడు కూడా "ఈ ఇంగ్లీషుని అరబిక్‌లోకి మార్చు" అనకుండా, "ఈ వివరాలతో గల్ఫ్ కంపెనీ ఒకటి బ్యాంకుకి రాసే అధికారిక అరబిక్ లెటర్ రాయి" అని అడగండి. ఫలితంలో తేడా మీకే కనిపిస్తుంది.

అడిగిన తీరు బాగున్నా కొన్ని మాటల దగ్గర యంత్రం బోల్తా పడుతుంది. 'డియర్ సర్' అన్నదాన్ని 'అజీజీ' (నా ప్రియమైన) చేస్తుంది. అది స్నేహితుడికి రాసే ఉత్తరానికి సరిపోతుంది, బ్యాంకు మేనేజరుకి కాదు. అడ్రస్ కింద ఫలానావారి దృష్టికి అని రాసే 'అటెన్షన్' ఒక్కోసారి 'ఇంతిబాహ్' అయి కూర్చుంటుంది. అది హెచ్చరిక బోర్డుల మీద ఉండే మాట! అక్కడ రావాల్సింది 'ఇనాయత్ అస్సయ్యిద్'. 'కైండ్లీ'ని 'బిలుత్ఫ్' అని తెస్తుంది. ఆఫీసు అరబిక్‌లో 'యుర్జా' అనో 'నర్జూ అత్తకర్రుమ్' అనో అంటారు.

బకాయి నోటీసుల్లో మరీ ప్రమాదం. 'అవుట్‌స్టాండింగ్' అంటే రావాల్సింది అనీ అర్థం, అద్భుతమైనది అనీ అర్థం. 'ముతమయ్యిజ్' అని పడితే మీ కస్టమర్ బాకీ ఎంతో మెచ్చుకోదగ్గది అని మీరే రాసిచ్చినట్టు. అక్కడ ఉండాల్సింది 'ముస్తహఖ్'. 'బ్యాలెన్స్' కూడా ఇలాంటిదే. డబ్బు నిల్వకి 'రసీద్' రావాలి, తూకం తప్పకుండా ఉండడాన్ని చెప్పే 'తవాజున్' కాదు.

జీతం సర్టిఫికెట్ ఒకటి దగ్గరగా చూద్దాం. ఇంగ్లీషులో "ఈయన మా దగ్గర ఫలానా తేదీ నుంచి పనిచేస్తున్నారు" అంటే సరిపోతుంది. అరబిక్ వాక్యం 'తష్‌హదు' అని క్రియతో మొదలవుతుంది, అంటే ధ్రువీకరిస్తోంది అని, ఆ వెంటనే కంపెనీ పేరు. తర్వాత ఆ మనిషి పేరు, జాతీయత, పాస్‌పోర్టు నంబరు, హోదా, చేరిన తేదీ. ఇప్పటికీ ఉద్యోగంలో ఉన్నారని చెప్పడానికి 'వ లా యజాలు అలా రఅసి అమలిహి' అని ఒక నుడికారం ఉంది. మాటకి మాటగా తీస్తే ఇంకా తన పని తల మీదే ఉన్నారని వస్తుంది. ఇంగ్లీషు నుంచి మాటకి మాటగా తిప్పితే ఇది రాదు. ఆపైన జీతం. చివర, ఆయన కోరిక మీద ఇచ్చామని 'బినాఅన్ అలా తలబిహి', కంపెనీకి ఏ బాధ్యతా లేదని 'దూన అద్నా మసూలియ్యతిన్ అలష్షరికా'. ఈ చివరి ముక్క లేకపోతే సంతకం పెట్టేవారే వెనక్కి పంపిస్తారు.

ఇదే సర్టిఫికెట్ ఆడవారికి ఇస్తున్నారనుకోండి. అమలిహి కాస్తా అమలిహా, తలబిహి కాస్తా తలబిహా. పనిచేస్తున్నారు, జీతం తీసుకుంటున్నారు అనే క్రియలు కూడా మారతాయి. పేరు ఒక్కటి మార్చి ప్రింటు కొడితే ఈ తోకలన్నీ మగవాడివే మిగిలిపోతాయి. అందుకే మగవారికొకటి, ఆడవారికొకటి రెండు టెంప్లేట్లు పెట్టుకోండి. ఒకే టెంప్లేట్లో గీతలు గీసి రెండు రూపాలూ ఇరికించడం నాకు నచ్చదు, ఫారం నింపినట్టుంటుంది.

5. తేదీలు, డబ్బు

సౌదీ ప్రభుత్వ శాఖలకి రాసేటప్పుడు హిజ్రీ తేదీ కూడా వేయడం మంచిది. అక్కడి అధికారిక హిజ్రీ పంచాంగం ఉమ్ముల్‌ఖురా. దాని ప్రకారం 2025 జనవరి 1 అంటే 1446 రజబ్ 1. హిజ్రీ తేదీ పక్కన 'హ' అక్షరం, ఇంగ్లీషు తేదీ పక్కన 'మీమ్' పెడతారు. మార్పిడికి ఉమ్ముల్‌ఖురా కన్వర్టర్నే వాడండి, మామూలు కన్వర్టర్లు ఒక రోజు అటూ ఇటూ చూపించవచ్చు. ఇంకోటి, హిజ్రీ ఏడాది సుమారు 11 రోజులు చిన్నది. "ఒక సంవత్సరం" అని గడువు రాస్తే ఏ సంవత్సరమో కూడా రాయండి.

నెలల పేర్లు దేశాన్ని బట్టి మారతాయి. గల్ఫ్‌లో, ఈజిప్టులో జనవరి 'యనాయిర్'. ఇరాక్, సిరియా, లెబనాన్ వైపు అదే 'కానూన్ అస్సానీ'. దుబాయ్ నుంచి బైరూత్‌కి రాస్తుంటే రెండు పేర్లూ గీత పెట్టి రాసేవాళ్లున్నారు. గడువుని పనిదినాల్లో చెప్పేటప్పుడు వారాంతం కూడా చూసుకోండి. సౌదీలో శుక్ర, శనివారాలు సెలవు. ఎమిరేట్స్ కేంద్ర ప్రభుత్వ ఆఫీసులకి 2022 నుంచి శని, ఆదివారాలు పూర్తి సెలవు, శుక్రవారం సగం పూటే పని.

డబ్బు దగ్గర తప్పు జరిగితే నేరుగా నష్టమే. కువైట్, బహ్రెయిన్ దినార్లకీ ఒమాన్ రియాల్‌కీ దశాంశం తర్వాత మూడు స్థానాలు. దినార్‌కి 1000 ఫిల్స్, ఒమాన్ రియాల్‌కి 1000 బైసాలు. 1.250 దినార్లు అని రాస్తే ఒకటింపావు దినారు. దాన్ని పన్నెండు వందల యాభై అని చదివేవాళ్లు ఉంటారు, ముఖ్యంగా రెండు దశాంశ స్థానాలకి అలవాటుపడ్డ ఆఫీసుల్లో. సౌదీ రియాల్, ఎమిరేట్స్ దిర్హమ్, ఖతర్ రియాల్ రెండు స్థానాలవి.

అందుకే మొత్తాన్ని అక్షరాల్లో కూడా రాస్తారు. ఆ పనికి అరబిక్‌లో తఫ్‌ఖీత్ అని ప్రత్యేకంగా పేరే ఉంది. 'ఫఖత్' (మాత్రమే) అని మొదలుపెట్టి, 'లా ఘైర్' (ఇంకేమీ లేదు) అని ముగిస్తారు. మొత్తానికి ముందూ వెనకా ఇంకో అంకె ఇరికించే చోటు లేకుండా. ఇక్కడ ఒక చిక్కుంది. లెక్కని బట్టి రియాల్ అనే మాట రూపం మారుతుంది. రెండైతే 'రియాలాన్', మూడు నుంచి పది దాకా 'రియాలాత్', పదకొండు నుంచి తొంభైతొమ్మిది దాకా 'రియాలన్', వంద, వెయ్యి దగ్గర మళ్లీ 'రియాల్'. మూడు నుంచి పది దాకా అంకెల లింగం కూడా తిరగబడుతుంది. ఇదంతా బట్టీ పట్టనక్కర్లేదు. తఫ్‌ఖీత్ చేసే ఉచిత సైట్లు, ఎక్సెల్ ఫంక్షన్లు దొరుకుతాయి. ఒకటి ఎంచుకుని, కొన్ని మొత్తాలతో అరబిక్ వచ్చినవారి చేత సరిచూయించి, ఆపై అదే వాడండి.

అంకెల లిపి సంగతి కూడా చెప్పాలి. అరబిక్ అంకెల్లో సున్నా ఒక చుక్క. గుండ్రంగా మన కంటికి సున్నాలా కనిపించేది ఐదు. తొందరలో సరిచూస్తే యాభైలో ఐదు సున్నాలా, సున్నా చుక్కలా కనబడి మోసపోతాం. మామూలు ఇంగ్లీషు అంకెలే రెండు వైపులా వాడడం ఇప్పుడు గల్ఫ్ వ్యాపార లెటర్లలో ఎక్కడా వింత కాదు. మీ ఆఫీసులో అభ్యంతరం లేకపోతే అదే చేయండి, సరిచూడడం సులువు. ఏది వాడినా లెటరంతా ఒకటే వాడాలి.

6. వర్డ్‌లో అమర్చడం

ఫైల్, ఆప్షన్స్, లాంగ్వేజ్‌లోకి వెళ్లి అరబిక్‌ని ఎడిటింగ్ భాషగా చేర్చండి. హోమ్ ట్యాబ్‌లో పేరా దిశ మార్చే రెండు బటన్లు అప్పుడు కనిపిస్తాయి. కీబోర్డు మీదైతే కుడివైపు కంట్రోల్, షిఫ్ట్ కలిపి నొక్కితే పేరా కుడి నుంచి ఎడమకి, ఎడమవైపువి నొక్కితే మళ్లీ ఎడమ నుంచి కుడికి. గమనించండి, కుడికి అలైన్ చేయడం వేరు, దిశ మార్చడం వేరు. అలైన్ మాత్రమే చేస్తే వాక్యం చివరి ఫుల్‌స్టాప్ ఎగిరి తప్పు అంచున కూర్చుంటుంది.

రెండు భాషలు పక్కపక్కన రావాలంటే న్యూస్‌పేపర్ కాలమ్‌లు వాడకండి. గీతలు కనబడని రెండు గడుల టేబుల్ గీయండి, ఎడమ ఇంగ్లీషు, కుడి అరబిక్. ఒక్కో పేరాకి ఒక్కో వరస. అప్పుడు ఒక వైపు పేరా పొడవు పెరిగినా రెండో వైపు జత తప్పదు. లెటర్ ఒక పేజీ దాటుతుంటే ఈ పద్ధతి మానేసి, అరబిక్ ఒక పేజీ, ఇంగ్లీషు ఒక పేజీగా ఇవ్వండి, అరబిక్ పైన పెట్టి.

ఫాంటు డైలాగ్‌లో కాంప్లెక్స్ స్క్రిప్ట్స్ అని వేరే గడి ఉంటుంది. ఈ డైలాగ్‌లో అరబిక్ ఫాంటు, సైజు మారేది అక్కడే, పైనున్న లాటిన్ గడిలో మార్చితే మారదు. సక్కల్ మజల్లా, సింప్లిఫైడ్ అరబిక్ లాంటివి ఆఫీసు లెటర్లకి బాగుంటాయి. ఒకే సైజులో అరబిక్ చిన్నగా కనిపిస్తుంది కాబట్టి ఒకటో రెండో పాయింట్లు పెంచండి. ఇటాలిక్ వద్దు, అక్షరాల మధ్య ఎడం అసలే వద్దు, కలిసి ఉండాల్సిన అక్షరాలు విడిపోతాయి.

ఇప్పుడు అసలు తలనొప్పి. అరబిక్ పేరాలో ఫోన్ నంబరు రాస్తే ముందున్న ప్లస్ గుర్తు వెనక్కి పోతుంది. బ్రాకెట్లు అటుదిటు తిరుగుతాయి. అడ్డగీతలతో రాసిన 12-05-2025 అరబిక్ మాట పక్కన పడితే 2025-05-12గా తిరగబడవచ్చు. వాలుగీతతో రాస్తే మామూలుగా ఈ తిప్పలు రావు, కాబట్టి తేదీలు వాలుగీతతోనే రాయండి. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు కలిసిన రెఫరెన్స్ నంబర్లని టేబుల్‌లో విడిగా ఒక గడిలో పెట్టి, ఆ గడి దిశ ఎడమ నుంచి కుడికి ఉంచితే గొడవ వదులుతుంది. వాక్యం మధ్యలోనే రావాల్సి వస్తే ముందూ వెనకా లెఫ్ట్ టు రైట్ మార్క్ అనే కనబడని గుర్తు చొప్పించండి. వర్డ్ సింబల్స్‌లో, స్పెషల్ క్యారెక్టర్ల జాబితాలో ఉంటుంది.

వర్డ్ అడ్వాన్స్‌డ్ ఆప్షన్లలో న్యూమరల్ అని ఒక సెట్టింగ్ ఉంది. అందులో 'హిందీ' ఎంచుకుంటే అరబిక్ అంకెలు కనిపిస్తాయి. కానీ ఆ సెట్టింగ్ ఫైలుది కాదు, మీ కంప్యూటరుది. అవతలివాళ్లు తెరిస్తే వాళ్ల సెట్టింగ్ ప్రకారం కనిపిస్తుంది. అందుకే బయటికి ఎప్పుడూ పీడీఎఫ్ మాత్రమే పంపండి.

7. ఒకేసారి యాభై లెటర్లు

వర్డ్‌లోని మెయిల్ మెర్జ్ (ఎక్సెల్ పట్టీలోంచి ఒక్కో లెటరుని నింపే సదుపాయం) చాలు. ఎక్సెల్‌లో వివరాల పట్టీయే వరసలుగా మారుతుంది: ఇంగ్లీషు పేరు, అరబిక్ పేరు, ఇంగ్లీషు హోదా, అరబిక్ హోదా, లింగం, మొత్తం, తఫ్‌ఖీత్. తేదీలని టెక్స్టుగానే ఉంచండి, లేదంటే మెర్జ్‌లో నెల ముందుకి, రోజు వెనక్కి పోతాయి. లింగం గడి మీద ఫిల్టరు పెట్టి, మగవారి టెంప్లేటు ఒకసారి, ఆడవారి టెంప్లేటు ఒకసారి నడపండి.

సొంతంగా ప్రోగ్రాం రాసి పీడీఎఫ్ పుట్టించేవాళ్లు ఒకటి చూసుకోవాలి. కొన్ని పీడీఎఫ్ లైబ్రరీలకి అరబిక్ అక్షరాలు కలపడం రాదు. అక్షరాలు విడివిడిగా, తలకిందుల వరసలో పడతాయి. అరబిక్ రానివారికి అది కూడా అరబిక్‌లాగే కనిపిస్తుంది. హెచ్‌టీఎంఎల్‌లో లెటర్ తయారు చేసి, అరబిక్ భాగానికి దిశ ఆర్‌టీఎల్ (కుడి నుంచి ఎడమకి) అని ఇచ్చి, బ్రౌజర్ ఇంజన్‌తో పీడీఎఫ్ చేయిస్తే ఈ బాధ ఉండదు.

8. సరిచూసి పంపడం

అరబిక్ రాకపోయినా మీరు చేయగలిగినవి ఉన్నాయి. అరబిక్ భాగాన్ని డ్రాఫ్టు తీసిన యంత్రంలో కాకుండా ఇంకోదాంట్లో వేసి ఇంగ్లీషులోకి తిప్పండి. మర్యాద మాటలు వింతగా వస్తాయి, వాటిని పట్టించుకోకండి. ఎవరు, ఎంత, ఎప్పటిలోగా, ఏం చేయాలి అన్నవి మీ పట్టీతో కలుస్తున్నాయా లేదా చూడండి. 'కాదు', 'లేదు' అనే మాటలు ఉన్న వాక్యాలు రెండుసార్లు చూడండి. తర్వాత పీడీఎఫ్ ప్రింటు తీసి, పెన్సిల్‌తో ప్రతి అంకెకీ రెండు వైపులా టిక్కు పెట్టుకుంటూ పోండి. ఆఖరున మందూబ్‌కో (ప్రభుత్వ ఆఫీసుల పనులు చూసే కంపెనీ ప్రతినిధి), అరబిక్ చదివే సహోద్యోగికో చూపించండి. "బాగుందా?" అని అడిగితే బాగుందనే అంటారు. "ఇందులో మనం వాళ్లని ఏం అడుగుతున్నాం?" అని అడగండి. వాళ్లు చెప్పింది మీ ఉద్దేశంతో కలిస్తే చాలు.

సంతకం, కంపెనీ స్టాంపు రెండూ పడాలి. స్టాంపు లేని లెటర్ని చాలా కౌంటర్లలో కాగితంగా కూడా లెక్కచేయరు. స్టాంపుని సంతకం అంచు తగిలేలా వేయండి, అంకెల మీద పడకుండా. సౌదీలో కొన్ని లెటర్లకి చాంబర్ ఆఫ్ కామర్స్ ధ్రువీకరణ కూడా అడుగుతారు, తీసుకునేవారిని ముందే కనుక్కోండి. వెళ్లే లెటర్ల రిజిస్టరుని సాదిర్ అంటారు, వచ్చేవాటిది వారిద్. సాదిర్‌లో పడిన నంబరే లెటర్ రెండు వైపులా ఉండాలి. చేతికిచ్చేటప్పుడు రెండు ప్రింట్లు తీసుకెళ్లి, ఒకదాని మీద వాళ్ల వారిద్ నంబరు, తేదీ, స్టాంపు వేయించుకుని మీ ఫైల్లో పెట్టండి. నెల తర్వాత మీరు రాసే రిమైండర్ మీ సాదిర్ నంబరుతోనే మొదలవుతుంది: 'బిల్ ఇషారతి ఇలా ఖితాబినా రఖమ్...' (మా ఫలానా నంబరు లెటర్ని ఉద్దేశించి...)